నెమ్మది స్వింగ్‌కు ఏ ఫెయిర్‌వే వుడ్? బెజవాడ, గుంటూరు గోల్ఫర్లకు సమగ్ర మార్గదర్శి

బెజవాడ, గుంటూరుల్లో నాకు తెలిసిన గోల్ఫర్లలో చాలామందికి ఈ ఆట యాభై దాటాకే అంటుకుంది. పిల్లల దగ్గరికి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లి, అక్కడ ఊసుపోక పట్టుకున్న క్లబ్ ఇక్కడిదాకా వచ్చింది. వీలు దొరికినప్పుడు హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఓ రౌండ్ ఆడతారు. మిగతా రోజుల్లో డాబా మీద వల కట్టుకుని సాధన చేస్తారు. కిట్ మాత్రం దివ్యంగా ఉంటుంది, అబ్బాయో అల్లుడో కొని పంపినది. అందులో డ్రైవర్ (అన్నిటికంటే పొడవైన క్లబ్) పక్కనే 3 అని రాసి ఉన్న ఫెయిర్‌వే వుడ్, అంటే డ్రైవర్ కంటే కాస్త పొట్టిగా, చిన్న తలతో ఉండే దూరపు దెబ్బల క్లబ్, ఒకటి కనిపిస్తుంది. టీ మీద, అంటే బంతిని నిలబెట్టే చిన్న పుల్ల మీద, పెట్టి కొడితే ఓ మాదిరిగా పోతుంది. నేల మీద నుంచి కొడితే మాత్రం బంతి మోకాలెత్తు కూడా లేవదు, గడ్డిని రాసుకుంటూ పోయి అరవై గజాల్లో ఆగిపోతుంది.

"నా స్వింగే బాగాలేదండీ" అని వాళ్లే తేల్చేసుకుంటారు. చాలాసార్లు స్వింగ్‌లో అంత దోషం ఉండదు. ముప్పై ఏళ్ల కుర్రాడి వేగానికి తగ్గట్టు కొన్న క్లబ్‌ని అరవై ఐదేళ్ల భుజంతో తిప్పుతున్నారు. నెమ్మదిగా స్వింగ్ చేసేవాళ్లు, అంటే వయసు మీద పడినవాళ్లు, ఆడవాళ్లు, ఆట కొత్తగా మొదలుపెట్టినవాళ్లు, నడుము నొప్పితో సగం తిరిగి ఆగిపోయేవాళ్లు, ఫెయిర్‌వే వుడ్ ఎలా ఎంచుకోవాలో వరసగా చెప్తాను. కంపెనీ పేరు అన్నిటికంటే చివర చూడాల్సిన సంగతి. మొదట చూడాల్సింది మీ వేగం, ఆ తర్వాత లాఫ్ట్.

మొదటి అడుగు: మీ వేగం ఎంతో తెలుసుకోండి

హైదరాబాద్ వెళ్లినప్పుడు ఎక్కడైనా లాంచ్ మానిటర్ (క్లబ్, బంతి వేగాలు కొలిచే యంత్రం) దొరికితే డ్రైవర్‌తో పది బంతులు కొట్టి, క్లబ్ హెడ్ వేగం ఎంతో రాసుకోండి. ఇంట్లోనే చూసుకోవాలంటే పీఆర్‌జీఆర్ లాంటి చిన్న రాడార్ పరికరాలున్నాయి, వల ముందు పెట్టుకున్నా పనిచేస్తాయి. ఇవేవీ లేకపోయినా ఒక అంచనాకు రావచ్చు. డ్రైవర్‌తో కొట్టిన బంతి గాల్లో ఎంత దూరం పోయి నేల తాకుతోందో చూడండి. దీన్నే క్యారీ అంటారు. దొర్లిన దూరం లెక్కలోకి రాదు. క్యారీ 150 నుంచి 170 గజాలైతే మీ డ్రైవర్ వేగం గంటకు 70, 75 మైళ్ల దగ్గర ఉన్నట్టు. 200 గజాల దాకా పోతుంటే 85 చుట్టుపక్కల ఉంటారు. 7 ఐరన్ అనే మధ్య దూరాల క్లబ్‌తో బంతి గాల్లో 130 గజాలు దాటడం లేదంటే మీరు నెమ్మది స్వింగర్ల లెక్కలోకే వస్తారు.

మొహమాటం ఇక్కడే వదిలేయాలి. టీవీలో చూసే పీజీఏ టూర్ (అమెరికాలో మగవాళ్ల ప్రొఫెషనల్ పోటీలు) ఆటగాళ్ల సగటు డ్రైవర్ వేగం 113 మైళ్లకు పైమాటే. ప్రపంచంలోనే మేటి మహిళలు ఆడే ఎల్‌పీజీఏ టూర్‌లో అది 94 దగ్గర ఉంటుంది. వాళ్ల బ్యాగుల్లో 7 వుడ్, 9 వుడ్ కనిపించడం మామూలు విషయం. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, ఒక్క స్ట్రోకులో పతకం పోగొట్టుకుంది. ఆ పోటీలో డ్రైవ్ దూరంలో ఆమె బాగా వెనకబడి ఉంది. తనకంటే చాలా ముందు బంతి పడ్డ వాళ్లతో, వెనక నుంచి పొడవైన క్లబ్బులు కొట్టి, పుటర్‌తో, అంటే బంతిని గుంతలోకి దొర్లించే క్లబ్‌తో, పూడ్చుకుని పోటీపడింది. నెమ్మది స్వింగర్లు చూసి నేర్చుకోవాల్సిన ఆట అది. పీజీఏ టూర్‌లో గట్టిగా కొట్టే రోరీ మెకెల్‌రాయ్ కిట్‌లో ఏముందో వెతకడం మనకు దండగ.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫెయిర్‌వే వుడ్ డ్రైవర్ కంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి దాంతో వేగం మరో నాలుగైదు మైళ్లు తగ్గుతుంది. డ్రైవర్‌తో 80 ఉన్నవాళ్లు 3 వుడ్‌తో 75 దగ్గరికి వస్తారు.

రెండో అడుగు: లాఫ్ట్. అసలు కథంతా ఇక్కడే

క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, వెనక్కి ఎంత వాలి ఉందో చెప్పేదే లాఫ్ట్. ఫెయిర్‌వే వుడ్లలో మామూలుగా 3 వుడ్‌కు 15 డిగ్రీలు, 4 వుడ్‌కు 16.5 లేక 17, 5 వుడ్‌కు 18 లేక 19, 7 వుడ్‌కు 21 అటూ ఇటూ, 9 వుడ్‌కు 24 దగ్గర ఉంటుంది. సోల్ (హెడ్ అడుగుభాగం) మీద ఉన్న అంకెను నమ్మకండి, డిగ్రీలు చూడండి. ఒక కంపెనీ 5 వుడ్ 18 డిగ్రీలైతే ఇంకో కంపెనీది 19 ఉంటుంది. 3 హెచ్‌ఎల్ అని రాసినవి 16.5 డిగ్రీల దగ్గర ఉంటాయి, పేరుకు 3 అయినా పనికి 4 వుడ్లే.

లాఫ్ట్ తక్కువైతే దూరం ఎక్కువ అన్న లెక్క వేగం ఉన్నవాళ్లకే చెల్లుతుంది. బంతి గాల్లో నిలబడాలంటే రెండు కావాలి, పైకి లేచే కోణం ఒకటి, వెనక్కి తిరిగే స్పిన్ ఒకటి. వేగంగా కొట్టేవాళ్లకు తక్కువ లాఫ్ట్‌తోనే రెండూ చాలినంత దొరుకుతాయి. క్లబ్ వేగం 75 మైళ్లు ఉన్నప్పుడు, బాగా తగిలినా బంతి వేగం 108 మైళ్ల దగ్గరే ఉంటుంది. అంత తక్కువ వేగంతో 15 డిగ్రీల ఫేస్ మీద నుంచి బయల్దేరిన బంతి, ఎగరడం మొదలుపెట్టకముందే దిగడం మొదలుపెడుతుంది. అదే వేగంతో 19 డిగ్రీల క్లబ్ కొడితే బంతి లేస్తుంది, గాల్లో ఇంకాసేపు ఉంటుంది. అందుకే నెమ్మది స్వింగర్లలో చాలామందికి 5 వుడ్, 3 వుడ్ గాల్లో ఒకే దూరం పోతాయి, కొందరికి 5 వుడ్డే ముందు పడుతుంది. పైగా 3 వుడ్ సరిగ్గా తగిలేది ఎప్పుడో ఒకసారి. 5 వుడ్ తరచూ తగులుతుంది.

మన వాతావరణం దీనికి తోడవుతుంది. జూన్ చివరి నుంచి అక్టోబరు దాకా తడిసిన ఫెయిర్‌వే (కత్తిరించిన గడ్డి దారి) మీద బంతి పెద్దగా దొర్లదు, పడ్డచోటే కూర్చుంటుంది. అప్పుడు క్యారీ ఎంతో అదే దూరం. ఏప్రిల్, మేల్లో నేల గట్టిపడి దొర్లడం బాగా ఉంటుంది కానీ, అప్పుడు గ్రీన్ మీద, అంటే గుంత ఉన్న పొట్టి గడ్డి మీద, బంతిని ఆపడం కష్టం. నిటారుగా దిగే బంతే ఆగుతుంది. రెండు కాలాల్లోనూ గెలిచేది ఎక్కువ లాఫ్టే.

నా లెక్క ఇది. డ్రైవర్ వేగం 90కి పైన ఉంటే 15 డిగ్రీల 3 వుడ్ పెట్టుకోండి. 80, 90 మధ్య ఉంటే 16.5 లేక 17 డిగ్రీల క్లబ్‌తో మొదలుపెట్టి, దాని కింద 21 డిగ్రీల 7 వుడ్ పెట్టుకోండి. 70, 80 మధ్యవాళ్లకు 18 లేక 19 డిగ్రీల 5 వుడ్డే అన్నిటికంటే పొడవైన ఫెయిర్‌వే వుడ్ కావాలి, 3 వుడ్ బ్యాగులో ఉండక్కర్లేదు. 70కి లోపు ఉంటే 7 వుడ్‌తోనే మొదలుపెట్టి, 9 వుడ్, అవసరమైతే 11 వుడ్ దాకా వెళ్లండి. ఇవి గీసిన గీతలు కావు. మీరు బంతిని పైకి కొట్టే రకమైతే లాఫ్ట్ ఒక మెట్టు తగ్గించుకోవచ్చు, కిందికి నొక్కి కొట్టే రకమైతే ఒక మెట్టు పెంచుకోవచ్చు.

7 వుడ్ అంటే ముసలివాళ్ల క్లబ్ అని నవ్వేవాళ్లుంటే, 2020 నవంబరులో మాస్టర్స్ టోర్నీని 20 అండర్ పార్‌తో (నిర్ణీత స్ట్రోకుల కంటే 20 తక్కువతో) రికార్డు స్కోరుకు గెలిచిన డస్టిన్ జాన్సన్ బ్యాగులో 7 వుడ్ ఉందని చెప్పండి. అతను అప్పట్లో పీజీఏ టూర్‌లోనే గట్టిగా కొట్టేవాళ్లలో ఒకడు.

మూడో అడుగు: తల ఆకారం చూడండి

ఫర్‌గివింగ్ క్లబ్ అంటే ఫేస్ నడిమధ్యన తగలకపోయినా మరీ పరువు తీయని క్లబ్. బరువు హెడ్ మధ్యలో పోగుపడి ఉంటే, బంతి పక్కకు తగిలినప్పుడు హెడ్ గిర్రున తిరిగిపోతుంది. అదే బరువును అంచులకు, వెనక్కి తోసేస్తే కావడి బద్దకు రెండు చివర్లా బరువు కట్టినట్టు ఉంటుంది, అంత తేలిగ్గా తిరగదు. దీన్ని ఎంఓఐ అనే కొలతతో చెప్తారు. కార్బన్ క్రౌన్ (హెడ్ పైకప్పు) పెట్టడం, వెనకాల టంగ్‌స్టన్ బరువు బిగించడం, ఇలాంటివన్నీ ఎక్కువగా దీనికోసమే. బరువు కిందికి, వెనక్కి ఉంటే బంతి తేలిగ్గా లేస్తుంది. ముందుకు ఉంటే స్పిన్ తగ్గుతుంది, అది వేగంగా కొట్టేవాళ్ల అవసరం. సోల్ మీద ఎల్‌ఎస్ (లో స్పిన్) అనో టూర్ అనో కనిపిస్తే ఆ క్లబ్ మనది కాదు. మ్యాక్స్ అని ఉన్నవి సాధారణంగా మనవైపువి.

ఎక్కువమంది పట్టించుకోనిది ఫేస్ ఎత్తు. గోల్ఫ్ బంతి వ్యాసం కనీసం 42.67 మిల్లీమీటర్లు ఉండాలని నియమం. అంటే బంతి నడుము నేల నుంచి 21 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫేస్ వాలి ఉంటుంది కాబట్టి, సోల్ సరిగ్గా నేలను రాస్తూ వచ్చినా అది బంతిని తాకేది నడుము కంటే కింద, నేల నుంచి 14, 16 మిల్లీమీటర్ల మధ్య. ఇప్పుడు ఫేస్ ఎత్తు 40 మిల్లీమీటర్లు ఉన్న క్లబ్ తీసుకోండి. దాని మధ్యభాగం 20 దగ్గర ఉంటుంది. మీరు ఎంత చక్కగా కొట్టినా నేల మీది బంతి దాని మధ్య కంటే కిందే తగులుతుంది. 32, 33 మిల్లీమీటర్ల ఫేస్ అయితే మధ్యభాగానికి దగ్గరగా వస్తుంది. షాపులో పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలవండి, తేడా కంటికే తెలిసిపోతుంది. పెద్ద తల చూస్తే ధైర్యంగా ఉంటుంది, నిజమే. టీ మీద నుంచి ఎక్కువగా కొట్టేవాళ్లకు అది మంచిదే. నేల మీద నుంచి కొట్టేవాళ్లకు పొట్టి ఫేస్, వెడల్పాటి శరీరం ఉన్న హెడ్ మేలు.

లబ్బీపేటలో మా మిత్రులొకరు, రిటైర్డ్ ఇంజనీరు గారు, ఒకసారి తన 3 వుడ్ చూపించారు. ఫేస్ మధ్యలో కొత్త నునుపు అలాగే ఉంది. కింది అంచున మాత్రం, ఆఖరి గీత కింద, బంతి మచ్చలు తోరణం కట్టినట్టున్నాయి. దాన్ని చూశాక ఆయన స్వింగ్ వీడియో చూడాల్సిన పని పడలేదు. ఇలా కింద తగలడమే నెమ్మది స్వింగర్ల ప్రధాన సమస్య కాబట్టి, దాన్ని కాచే ఏర్పాటు ఉన్న క్లబ్ చూసుకోండి. టేలర్‌మేడ్ క్లబ్బుల్లో సోల్ మీద ఫేస్ వెనక ఒక చీలిక ఉంటుంది, స్పీడ్ పాకెట్ అంటారు. క్యాలవే వాళ్లు ఫేస్‌ను కప్పులా చుట్టూ మడిచి చేస్తారు. రెండిటి ఉద్దేశం ఫేస్ కింది భాగం కూడా కాస్త స్ప్రింగులా వంగేలా చేయడమే.

సోల్ అడుగుభాగం కూడా వేలితో తడిమి చూడండి. ముందు అంచు గుండ్రంగా ఉంటే, బంతి వెనక కాస్త ముందే నేల తగిలినా దిగబడకుండా జారిపోతుంది. కొన్ని కోబ్రా మోడళ్లలో, క్లీవ్‌ల్యాండ్ హేలోలో సోల్ మీద రైల్స్ అనే ఉబ్బెత్తు పట్టీలు ఉండేది ఇందుకే. వానాకాలం మెత్తటి నేల మీద వీటి విలువ తెలుస్తుంది.

బంతి ఎప్పుడూ కుడివైపు వంకర తిరిగి పోయేవాళ్లకు, అంటే స్లైస్ ఉన్నవాళ్లకు, మడమ వైపు, అంటే హెడ్‌లో షాఫ్ట్ దగ్గరి వైపు, బరువు పెట్టిన డ్రా రకం (బంతిని ఎడమకు వంచే) క్లబ్బులున్నాయి. పింగ్‌లో ఎస్‌ఎఫ్‌టీ, కొన్ని కంపెనీల్లో డి అనే అక్షరం దీనికి గుర్తు. ఇవన్నీ కుడిచేతి వాటం వాళ్లకు చెప్తున్నవి. బంతి ఎడమకు పోయే అలవాటుంటే వీటి జోలికి వెళ్లొద్దు. ఎక్కువ లాఫ్ట్ క్లబ్ సహజంగానే కాస్త ఎడమకు లాగుతుంది, దానికి ఇది తోడైతే బంతి పక్క ఫెయిర్‌వేలో వెతుక్కోవాలి. హోసెల్ (షాఫ్ట్ దిగే హెడ్ మెడ) దగ్గర తిప్పి లాఫ్ట్ మార్చుకునే క్లబ్బుల్లోనూ ఇదే కిటుకు ఉంది. లాఫ్ట్ పెంచితే ఫేస్ కొంచెం మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. రౌండ్ మధ్యలో అలా తిప్పడం మాత్రం నియమాలు ఒప్పుకోవు.

నాలుగో అడుగు: షాఫ్ట్

షాఫ్ట్ అంటే క్లబ్ కర్ర. అమెరికా నుంచి వచ్చే కిట్లలో లాఫ్ట్ తర్వాత ఎక్కువ తేడా కొట్టేది ఇదే. షాఫ్ట్ మీద ఎస్ అంటే స్టిఫ్, ఆర్ అంటే రెగ్యులర్, ఏ లేక ఎమ్ అంటే సీనియర్, ఎల్ అంటే లేడీస్. డ్రైవర్ వేగం 70, 82 మధ్య ఉన్నవాళ్లు సీనియర్ షాఫ్ట్‌తో మొదలుపెట్టి చూడాలి. 70కి లోపు ఉంటే ఎల్ కూడా పట్టి చూడండి. మన మగవాళ్లకు ఆ అక్షరం అంటే గిట్టదు. షాఫ్ట్ మీద ఉన్న అక్షరం మీ పక్కన ఆడేవాళ్లకు కనిపించదు, నేల మీద దొర్లే బంతి కనిపిస్తుంది.

అక్షరాలకు పరిశ్రమలో ఒకే ప్రమాణం లేదు. ఒక కంపెనీ ఆర్ ఇంకో కంపెనీ సీనియర్ అంత మెత్తగా ఉండొచ్చు. అందుకే బరువు కూడా చూడండి. నెమ్మది స్వింగర్లకు 45 నుంచి 55 గ్రాముల షాఫ్ట్ బాగుంటుంది. 65, 70 గ్రాములవి కుర్రాళ్లవి. అలాగని అన్నిటికంటే తేలికైనది తీసేసుకోకూడదు. ఫెయిర్‌వే వుడ్ షాఫ్ట్ మీ డ్రైవర్ షాఫ్ట్ కంటే ఓ ఐదు, పది గ్రాములు బరువుంటే చేతికి తేడా తెలియకుండా సాగుతుంది. మరీ తేలికైతే చేతులు ముందే తొందరపడతాయి. మొత్తం క్లబ్బే తేలిగ్గా చేసే కంపెనీల్లో జపాన్‌వాళ్ల జెక్సియో పేరున్నది, ధర కూడా అలాగే ఉంటుంది.

పొడవు గురించి ఒక్క మాట. మామూలుగా 3 వుడ్ 43 అంగుళాలు, 5 వుడ్ 42.5, 7 వుడ్ 42 దగ్గర ఉంటాయి. పొడవు పెరిగేకొద్దీ ఫేస్ మధ్యలో తగిలించడం కష్టం. ఉన్న క్లబ్ పొడవనిపిస్తే కోయించకండి, ముందు గ్రిప్ మీద అంగుళం కిందికి పట్టుకుని కొన్నాళ్లు ఆడి చూడండి.

గ్రిప్ సంగతి మన ఊళ్లో తేలిగ్గా తీసుకోకూడదు. చెమటకు రబ్బరు గ్రిప్ జారుతుంది, జారుతుందని గట్టిగా పట్టుకుంటాం, గట్టిగా పట్టుకుంటే ఉన్న వేగం కూడా పోతుంది. దారం కలిపిన కార్డ్ గ్రిప్పులు చెమటకు బాగా ఆగుతాయి, కాకపోతే అరచేతికి గరుగ్గా ఉంటాయి. వేళ్ల కీళ్ల నొప్పులున్నవాళ్లు మిడ్‌సైజ్ అడగండి.

ఐదో అడుగు: కొనేముందు పరీక్ష

ఏ క్లబ్ అయినా ఒక్క దెబ్బ అద్భుతంగా పోతుంది. ఆ ఒక్క దెబ్బ చూసి డబ్బులు కట్టేవాళ్లే ఎక్కువ. మీరు పది బంతులు కొట్టండి, అన్నీ నేల మీద నుంచే. అందులో బాగా పోయిన రెండు, ఘోరంగా పోయిన రెండు పక్కన పెట్టి, మిగతా ఆరూ ఎక్కడ పడ్డాయో చూడండి. ఆ ఆరు బంతులే రేపు కోర్సులో మీరు కొట్టబోయేవి. రెండు క్లబ్బుల మధ్య తేల్చుకోలేకపోతే, ఎక్కువ దూరం పోయినదాన్ని వదిలేసి, ఆ ఆరూ దగ్గర దగ్గరగా పడ్డదాన్ని తీసుకోండి.

సింథటిక్ మ్యాట్ మీద కొట్టి నిర్ణయం తీసుకోకండి. బంతికి వెనక ముందే నేల తగిలినా మ్యాట్ మీద క్లబ్ ఎగిరి వచ్చి బంతిని బాగానే కొడుతుంది. గడ్డి మీద అదే స్వింగ్ బంతిని అక్కడే వదిలేస్తుంది. మ్యాట్ తప్ప గతి లేకపోతే, బంతికి నాలుగు అంగుళాల వెనక ఒక తువ్వాలు మడిచి పెట్టండి. తువ్వాలు తగిలిందంటే ఆ దెబ్బ లెక్కలోకి రాదు.

డాబా మీది వలతో బంతి ఎంత దూరం పోతుందో తెలియదు కానీ ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో పక్కాగా తెలుస్తుంది. బీసెంట్ రోడ్డులో ఏ స్టేషనరీ షాపులో అయినా వైట్‌బోర్డు మార్కర్ దొరుకుతుంది. దాంతో ఫేస్ అంతా పూయండి. బంతి తగిలినచోట రంగు పోయి మచ్చ పడుతుంది. ఐదారు బంతులకోసారి తుడిచి మళ్లీ పూయండి. మచ్చలు కింది అంచునే ఉంటే ఇంకా ఎక్కువ లాఫ్ట్ లేదా పొట్టి ఫేస్ కావాలని అర్థం. మడమ వైపు, బొటనవేలి వైపు (షాఫ్ట్‌కు దూరపు కొస) ఇష్టం వచ్చినట్టు చెదిరి ఉంటే క్లబ్ పొడవు ఎక్కువై ఉండొచ్చు. ఎండాకాలం ఈ పని పొద్దున ఏడు లోపే ముగించుకోండి, ఆ తర్వాత డాబా మీద కాలు పెట్టలేం.

లాంచ్ మానిటర్ ముందు నిలబడితే బోలెడు అంకెలు కనిపిస్తాయి. వాటిలో మూడు చాలు. క్యారీ ఎంత, బంతి గరిష్ఠంగా ఎంత ఎత్తు లేచింది, ఏ కోణంలో దిగింది. దిగే కోణం 40 డిగ్రీలకు పైన ఉంటే గ్రీన్ మీద ఆగే ఆశ ఉంటుంది. 30 దగ్గర ఉంటే అది దొర్లించుకుంటూ వెళ్లే దెబ్బే.

హైబ్రిడ్ (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్య రకం క్లబ్) తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. ఒకే లాఫ్ట్ ఉన్న హైబ్రిడ్, 7 వుడ్ పక్కపక్కన పెడితే, 7 వుడ్ షాఫ్ట్ కాస్త పొడవు, బరువు ఇంకాస్త వెనక్కి ఉంటుంది. బంతి ఎత్తుగా పోయి మెత్తగా దిగుతుంది. హైబ్రిడ్ ఎత్తైన గడ్డిలోంచి బాగా కోసుకు వస్తుంది, ఐరన్‌లా కిందికి కొట్టేవాళ్లకు నప్పుతుంది. ఊడ్చినట్టు కొట్టేవాళ్లకు ఫెయిర్‌వే వుడ్. నెమ్మది స్వింగర్లలో ఎక్కువమంది ఊడ్చేవాళ్లే కాబట్టి నా ఓటు 7 వుడ్‌కే.

ఆరో అడుగు: బ్యాగులో ఎలా సర్దాలి

నియమం ప్రకారం 14 క్లబ్బులకు మించకూడదు. నెమ్మది స్వింగర్‌కి 3, 4 ఐరన్లు బరువు చేటు, చాలామందికి 5 ఐరన్ కూడా. వాటిని తీసేసి 5, 7, 9 వుడ్లు పెట్టుకోండి. ఒక్కో క్లబ్‌కి మధ్య గాల్లో పది, పన్నెండు గజాల తేడా అయినా ఉండాలి. రెండు క్లబ్బులు ఒకే దూరం పోతున్నాయంటే అందులో తేలిగ్గా తగిలేదాన్ని ఉంచి రెండోది అటకెక్కించండి. 3 వుడ్ మీద మరీ మమకారం ఉంటే టీ మీద నుంచి కొట్టడానికి ఉంచుకోండి, డ్రైవర్ మొరాయించిన రోజు పనికొస్తుంది.

ఏడో అడుగు: కొనడం, తెప్పించుకోవడం

"నాన్నా, మంచిది చూసి తీసుకున్నాలే" అని అబ్బాయి ఫోన్ చేసేలోపే మీరు ముందు మెసేజ్ పెట్టేయండి. అందులో నాలుగే వివరాలు చాలు. లాఫ్ట్ ఇన్ని డిగ్రీలు, షాఫ్ట్ సీనియర్ 50 గ్రాముల దగ్గర, గ్రిప్ మిడ్‌సైజ్, కుడిచేతిది. మోడల్ ఏ ఏడాదిదని అడగకండి. ఫెయిర్‌వే వుడ్లలో రెండు, మూడు తరాల వెనకటి మోడల్‌కీ కొత్తదానికీ నెమ్మది స్వింగర్ కనిపెట్టగలిగేంత తేడా ఉండదు. పెద్ద కంపెనీల కొత్త మోడల్ అక్కడ 300 డాలర్లు దాటుతుంది. పాతవి వాడినవైతే సగం ధరకు, ఒక్కోసారి ఇంకా తక్కువకు దొరుకుతాయి. పింగ్ జీ మ్యాక్స్ వరస, క్యాలవే బిగ్ బెర్తా, టేలర్‌మేడ్ మ్యాక్స్ రకాలు, క్లీవ్‌ల్యాండ్ హేలో, ఇవన్నీ పాతవాటిలో వెతకదగ్గవే. మిగిలిన డబ్బుతో అక్కడే ఒక ఫిట్టింగ్, అంటే మీ స్వింగ్ కొలిచి క్లబ్ సరిపెట్టడం, చేయించుకోండి.

వాడిన క్లబ్ చేతికి వచ్చాక ముందు పొడవు కొలవండి, వెనకటి యజమాని కోయించి ఉండొచ్చు. ఫేస్ మీద వెంట్రుకలాంటి చీలిక ఉందేమో వెలుతురులో చూడండి. చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల ఏదో గలగలమంటే విరిగిన ముక్కో ఊడిన జిగురో ఉన్నట్టు. హోసెల్, షాఫ్ట్ కలిసేచోట సందు కనిపిస్తే వదిలేయండి.

ఆన్‌లైన్‌లో నమ్మలేనంత తక్కువ ధరకు కొత్త మోడల్ కనిపిస్తే అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ. పెద్ద కంపెనీలు చాలావరకు హోసెల్ మీద సీరియల్ నంబరు చెక్కుతాయి. దాని ఫొటో ముందే అడగండి, కంపెనీ కస్టమర్ కేర్‌కి పంపి సరిచూసుకోండి. నంబరు ఉన్నంత మాత్రాన అసలుది అనుకోకూడదు, నకిలీల మీద కూడా ఒకే నంబరు ముద్రించేస్తుంటారు.

ఇక సామాను. గోల్ఫ్ క్లబ్‌ని విమానంలో చేతిసంచీలా పైకి తీసుకెళ్లనివ్వరు, చెక్ ఇన్ చేయాల్సిందే. 42 అంగుళాల క్లబ్ మామూలు సూట్‌కేసులో పట్టదు. హెడ్ విప్పే రకమైనా షాఫ్ట్ 40 అంగుళాలు దాటే ఉంటుంది. కాబట్టి ఒక్క క్లబ్ కోసం తంటాలు పడేకంటే, మొత్తం కిట్‌ని ట్రావెల్ కవర్‌లో పెట్టి ఒక చెక్ ఇన్ బ్యాగుగా తెచ్చుకోవడం నయం. చాలా విమాన సంస్థలు బరువు పరిమితిలో ఉంటే గోల్ఫ్ బ్యాగును మామూలు లగేజీగానే తీసుకుంటాయి, టికెట్ కొనేముందు వాళ్ల నిబంధన చదువుకోండి. హెడ్లు విరక్కుండా బ్యాగులో అన్నిటికంటే పొడవుగా ఒక గట్టి కర్ర నిలబెట్టండి. ఎవరైనా తలకిందులుగా పడేసినా దెబ్బ దానికి తగులుతుంది.

క్లబ్ వచ్చాక మొదటి నెల

కొత్త క్లబ్‌తో బంతిని ఎత్తాలని ప్రయత్నించకండి. ఎత్తే పని కోసమే అన్ని డిగ్రీలు ఎక్కువ పెట్టి కొన్నాం. బంతిని ఎడమ మడమకు రెండు, మూడు అంగుళాలు లోపలికి పెట్టుకుని, గడ్డి కొసలను రాస్తూ పోయేలా తిప్పండి. మొదట్లో ఒక చిన్న టీ మీద, నేలకు పావు అంగుళం ఎత్తులో పెట్టి కొట్టండి. మచ్చలు ఫేస్ మధ్యకు వస్తున్నాయనిపించాక టీ తీసేయండి.

బ్యాగును కారు డిక్కీలో వదిలేసే అలవాటుంటే మానుకోండి. హెడ్‌ని షాఫ్ట్‌కి అతికించేది ఎపాక్సీ జిగురు, ఎక్కువ వేడికి అది మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో ఆపిన కారు డిక్కీ ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు. అలా రోజుల తరబడి ఉంచిన క్లబ్ హెడ్ వదులవ్వొచ్చు, ఒక్కోసారి స్వింగ్ మధ్యలోనే ఊడి ఎగిరిపోవచ్చు. రౌండ్ అవగానే ఇంట్లోకి తెచ్చేయండి, గ్రిప్పులను తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. వానాకాలంలో హెడ్ కవర్ తడిగా ఉంటే తొడిగి ఉంచకండి, లోపల స్టీలు ఫేస్ తుప్పు పడుతుంది.